పరభాషలో పరీక్ష

పరీక్షకు సిద్ధపడుట యనగా కాలమును పంచుకొనుట యని లోకము తలచును. ఇన్ని దినములు మిగిలియున్నవి, ఇన్ని పాఠములు చదువవలసియున్నవి. దినములను పాఠములకు పంచినచో ప్రణాళిక సిద్ధమైనట్లే. మాతృభాషలో చదివి మాతృభాషలోనే వ్రాయువానికి ఈ లెక్క చాలును. ఒక భాషలో పెరిగి వేరొక భాషలో పరీక్ష వ్రాయవలసినవానికి ఇది చాలదు. అతనికి పాఠ్యవిషయము ఒక పరీక్ష, ఆ విషయమును చెప్పు భాష మరియొక పరీక్ష. ప్రశ్నపత్రములో ఈ రెండవదానికి మార్కులు వేరుగా చూపబడవు. కాని ప్రతి ప్రశ్నలోను అది తన వంతు తీసికొనుచునే యుండును.

కనబడని ఈ రెండవ పరీక్షకు కాలమెంత యీయవలెను, ఎట్లు ఈయవలెను అను ప్రశ్న పైకి చదువు నేర్పునకు మాత్రమే సంబంధించినదిగా తోచును. లోతుగా చూచినచో అది నీతికి సంబంధించినది. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయుట తగునా? తెలిసినదానిని చెప్పలేనివాడు తెలియనివానితో సమానుడా? మొదటి ప్రశ్న విద్యార్థి తనను తాను వేసికొనవలసినది. రెండవది పరీక్షించు సమాజము వేసికొనవలసినది.

ఈ ప్రశ్నలకు రూపు కావలెనన్న సూరతు నగరమునకు పోవచ్చును. తాపీ నదికి ఉత్తరమున, భరూచి వైపు సాగు రైలుమార్గముపై కోసాడ్ కలదు. ఒకనాడది గ్రామము, నగరము పెరిగి దానిని తనలో కలుపుకొన్నది. నగరపాలక సంస్థ అచ్చట నిర్మించిన విశాలమైన గృహసముదాయమునకు నగరములోని పలు మురికివాడలనుండి కుటుంబములు తరలివచ్చినవి. సూరతు మరమగ్గములు దేశపు నలుమూలలనుండి జనమును పిలిచినవి. ఒడిశానుండి, మహారాష్ట్రమునుండి, ఉత్తరప్రదేశ్ బీహారులనుండి వచ్చినట్లే తెలంగాణమునుండియు నేతకుటుంబములు ఆ నగరమును చేరినవి. చేతిమగ్గము అన్నము పెట్టలేని దినములలో షోలాపురమునకు, భీవండికి, సూరతునకు వలసపోయిన పద్మశాలీల కథ తెలుగు పాఠకులు ఎరుగనిది కాదు. ఇట్టి జనవైవిధ్యమునకు తగినట్లు సూరతు నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అను ఏడు మాధ్యమములలో ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పినది.

అట్టి తెలుగు కుటుంబపు విద్యార్థి యొకడు కోసాడ్‌లో నున్నాడని అనుకొనవచ్చును. ఇంట తల్లితో అతడు మాటాడునది తెలంగాణపు తెలుగు. మెట్లు దిగినంతనే ప్రక్కింటి ఒడియా బాలునితో హిందీ. బజారులో గుజరాతీ. తండ్రి కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ ముగించి వచ్చి నిద్రించు గదిలోనే అతని పుస్తకములు. తరగతులు పెరిగినకొలది ఆ పుస్తకములలో ఇంగ్లీషువి పెరుగుచుండును. నాలుగు భాషలతో దినము గడుపు ఈ బాలుడు భాషావిషయమున దరిద్రుడు కాడు. అనేక పండితులకంటె ధనికుడు. అయినను పరీక్షామందిరములో చెల్లు నాణెము ఒక్కటే. అతని సంచిలో అన్నిటికంటె తక్కువగా నున్నదియు అదియే.

పరభాషలో పరీక్షింపబడుట సూరతునకు కొత్త సంగతి కాదు. 1608లో ఈస్టిండియా కంపెనీ నౌక ‘హెక్టర్’ సూరతు రేవును చేరినది. దాని నాయకుడు విలియం హాకిన్సు జహంగీరు చక్రవర్తి దర్బారునకు పోయినప్పుడు అచ్చట ఇంగ్లీషు ఎవరికిని పనికిరాలేదు. అతనికి తురుష్కభాష తెలియుటయే చక్రవర్తి ఆదరమునకు దారి చూపినది. ఇంగ్లీషు ఈ రేవున కాలు మోపిననాడు అదియే పరభాష; విన్నపము చేసికొను స్థానమున నిలిచినదియు అదియే. రెండు వందల యేండ్ల తరువాత గూడ కంపెనీ ఉద్యోగులు దేశభాషలలో పరీక్ష నెగ్గవలసియుండెను. అందుకొరకే 1812లో చెన్నపట్టణమున సెంట్ జార్జి కోట కళాశాల ఏర్పడినది. 1817లో ఆ పట్టణమునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చి, 1820లో పరీక్షలో కృతార్థుడై కడపకు పోయెను.

ఉద్యోగము దొరికినది, అంతటితో తెలుగునకు స్వస్తి చెప్పినను అతనిని అడుగువారు లేరు. కాని అతని చదువు అప్పుడే ఆరంభమైనది. వ్రాతప్రతులు సేకరించి, పండితులకు జీతములిచ్చి వానిని పరిష్కరింపజేసి, 1852లో తెలుగు నిఘంటువును వెలువరించెను. పరీక్ష ఒక గుమ్మము వంటిది. దానిని దాటినవాడు ఇంటిలోనికి పోవునా, గుమ్మముననే నిలుచునా యనునది పరీక్షాఫలితమువలన తెలియదు. పరీక్షకు అతడు చదివిన తీరువలన తెలియును.

తీరు అనునది ఎంతటి విషయమో గుజరాతుదేశపు మరియొక విద్యార్థి తన ఆత్మకథలో దాపరికము లేక చెప్పినాడు. మోహన్‌దాస్ గాంధీ రాజకోటలో చదువుచున్నప్పుడు నాలుగవ తరగతినుండి పెక్కు విషయములు ఇంగ్లీషులో బోధింపబడసాగినవి. రేఖాగణితము అసలే కొత్త; ఆపైన భాష బరువు. ఆయనకు దారి తోచలేదు. కష్టపడి యూక్లిడు పదుమూడవ సిద్ధాంతము వరకు చేరినప్పుడు ఆ శాస్త్రమెంత సరళమో ఒక్కసారిగా బోధపడినదట. 1938లో ‘హరిజన్’ పత్రికలో ఆయన తన పాఠశాలా జీవితమును లెక్కకట్టి, గణితము, రసాయనము, ఖగోళము మొదలగు వానిని ఇంగ్లీషులో నేర్చుటకు నాలుగేండ్లు పట్టినవని, గుజరాతీలోనైనచో ఒక్క యేడు చాలియుండునని తేల్చిరి.

ఈ లెక్కలో ఒక సూక్ష్మము కలదు. పదుమూడవ సిద్ధాంతము వద్ద తెరచుకొన్నది ఇంగ్లీషు కాదు, రేఖాగణితము. త్రిభుజములోని కోణములు ఏ భాషలో కొలిచినను అంతే. విషయము అర్థమైనంతనే భాష తన పెత్తనము కోల్పోయినది. కావున పరభాషలో చదువువానికి మొదటి కర్తవ్యము భాషను జయించుట కాదు. భాష కప్పివేసిన విషయమును ఎట్లైనను ఒకసారి కన్నులార చూచుట. ఆ చూచుట ఏ భాషలో జరిగినను దోషము లేదు. తెలుగులో జరిగినచో త్వరగా జరుగును.

లండనులో ఆయనకు ఎదురైన పరీక్షలు ఈ విచారమును మరింత ముందునకు తీసికొనిపోవును. న్యాయవాద విద్యకై 1888లో అచ్చటికి పోయిన గాంధీజీ లండను మెట్రిక్యులేషను పరీక్షకు గూడ కూర్చుండ నిశ్చయించిరి. దానికి లాటినును ఒక ఆధునిక భాషయు తప్పనిసరి. వ్యవధి ఐదు మాసములే. నిమిషములతో సహా కాలపట్టిక వేసికొని చదివిరి. అయినను లాటినులో తప్పిరి. కాలపట్టిక ఎంత నిష్కర్షగా నున్నను, కొత్త భాష తనకు కావలసిన కాలమును తాను తీసికొనక మానదు. అది గణితమువలె ఒకనాడు బోధపడి పూర్తియగునది కాదు. పైరువలె దినదినము నీరు పోయవలసినది. ఆయన ఆశ విడువలేదు. ఉన్న రెండు గదులను ఒకటిగా తగ్గించుకొని, ఉదయపు జావ తానే కాచుకొని, ఖర్చును తగ్గించి కాలమును మిగుల్చుకొని, 1890లో రెండవ పర్యాయము కృతార్థులైరి.

అటుపిమ్మట న్యాయవాద పరీక్ష వచ్చినది. అది సులభమని, సంగ్రహములు చదివి కొలది వారములలో రోమన్ న్యాయమును, రెండు మూడు మాసములలో ఇంగ్లండు న్యాయమును గట్టెక్కుట వాడుకయని ఆయనయే వ్రాసిరి. ఆయనకు అది మోసమని తోచినది. మూలగ్రంథములు కొని చదివిరి. రోమన్ న్యాయమును లాటినులోనే చదివిరి. తొమ్మిది మాసములు శ్రమించి ఇంగ్లండు న్యాయమును ముగించిరి. పరీక్ష ఏమడుగుచున్నదో దానికంటె ఎక్కువ చదివిరి. ఏలయన పరీక్ష అడుగుచున్నదానిని కాక, న్యాయవాదికి తెలియవలసినదానిని ఆయన ప్రమాణముగా గ్రహించిరి.

ఇచ్చట ఒక ఆక్షేపము వచ్చును, అది బలమైనది. లండనులో తొమ్మిది మాసములు మూలగ్రంథములు చదువుటకు అవకాశము కలవాని నీతిని, పాళీకి పోవలసిన తండ్రి ప్రక్కన దీపము తగ్గించుకొని చదువు బాలునికి బోధించుట న్యాయమా? ఆ బాలునికి పరీక్ష తప్పుట యనగా మరల ఆరు మాసములు చదువుట కాదు. మగ్గము వద్దకు పోవుట. అట్టివానికి సంగ్రహము, ప్రశ్నోత్తర పుస్తకము, కంఠస్థము చేసిన ఇంగ్లీషు సమాధానము ఇవియే ప్రాణాధారములు. మునుగుచున్నవానికి ఈతలోని శుద్ధత గూర్చి చెప్పవచ్చునా?

చెప్పరాదు. కాని ఆక్షేపములోనే ఒక పొరపాటు దాగియున్నది. కంఠస్థము దగ్గరిదారి యని అది నమ్ముచున్నది. విషయము తెలియక, భాష తెలియక, అక్షరముల వరుసను మాత్రము జ్ఞాపకముంచుకొనుట అన్ని దారులలోను దూరమైనది. ప్రశ్న ఒక్క మాట మారినచో ఆ వరుస చెదరును. ఒక వాక్యము మరచినచో తరువాతి వాక్యము రాదు. దినమునకు రెండు గంటలే మిగిలినవానికి ఆ రెండు గంటలను ఇసుకలో పోయుట ఎట్లు తగును? ధనికుని కాలము వ్యర్థమైనచో మరల దొరకును, పేదవానికి దొరకదు. కావున నిజాయితీగా చదువుట పేదవానికి విలాసము కాదు, పొదుపు.

అంతమాత్రమున కంఠస్థము చేయుటయే అపరాధమని కాదు. తెలుగువాని చదువు ధారణతోనే పుట్టినది. ఎక్కములు, శతకపద్యములు, అమరకోశము ఇవన్నియు అర్థము తెలియకముందే నోటికి వచ్చినవి. అవధానికి ధారణ కిరీటము వంటిది. అయితే నాటి ధారణలో ఒక నమ్మకము కలదు: నేడు నోటికి వచ్చినది రేపు మనస్సునకు వచ్చునని. బాలుడు వల్లించిన పద్యము అతనితో పెరిగి, ముప్పదియేండ్ల వయస్సున ఒకనాడు హఠాత్తుగా అర్థమిచ్చును. పరీక్షకొరకు మింగిన పరభాషా సమాధానమునకు ఆ రేపు లేదు. పరీక్ష ముగిసిన సాయంకాలమే అది మరపునకు వచ్చును. మొదటిది విత్తనము దాచుట, రెండవది అరువు నగ పెట్టుకొనుట. అరువు నగ పెట్టుకొన్నవానికి దొంగతనపు దోషము లేకపోవచ్చును. కాని అది తనదని తాను గూడ నమ్మనారంభించినప్పుడు కీడు మొదలగును.

అట్లయినచో కోసాడ్ విద్యార్థి ప్రణాళిక ఎట్లుండవలెను? మొట్టమొదట విషయమునకును భాషకును వేర్వేరు గంటలు ఉండవలెను. పాఠము చదివినపిదప దానిని తెలుగులో తల్లికి చెప్పి చూడవలెను. బడికి పోని తల్లి విని, ఔనని తల యూపి, ఒక ఎదురు ప్రశ్న వేసినచో విషయము బోధపడినట్లే. ఆమెకు చెప్పలేకపోయినచో లోపము ఇంగ్లీషులో లేదు. పాఠమే ఇంకను పట్టుబడలేదు. ఈ పరీక్షకు రుసుము లేదు, దీనిలో మోసమునకు తావు లేదు.

తరువాత మాటలు. ఇందులో అతనికి ఇతరులకు లేని లాభమొకటి కలదు. గణితము, త్రికోణమితి, భూగోళము, ఘర్షణ మొదలగు శాస్త్రపదములు తెలుగునకును గుజరాతీకిని సంస్కృతమునుండి వచ్చిన ఉమ్మడి ఆస్తి. ఒక భాషలో తెలిసినది రెండవదానిలో తానుగా తెలియును. ఇంగ్లీషు పదమొక్కటే కొత్తగా చేర్చుకొనవలెను. కాని ఈ చుట్టరికమును గ్రుడ్డిగా నమ్మరాదు. తెలుగువాని అవసరము అగత్యము. గుజరాతీవాని అవసరు శుభసందర్భము. తెలుగున ఉపన్యాసము సభలో చేయునది. హిందీలో ఉపన్యాస్ అనగా నవల. మాట ఒక ఇంటినుండి మరియొక ఇంటికి పోవునప్పుడు గుణము మార్చుకొనును. దీనిని చిన్ననాడే ఎరిగిన బాలునికి, ఇంగ్లీషు పదమును ఒక్క తెలుగు పదముతో ముడివేసి తృప్తిపడరాదని వేరుగా చెప్పనక్కరలేదు. దానిని వాక్యములో చూచి, తన వాక్యములో వాడి చూడవలెను.

ఆపైన వాక్యము. తెలుగులో క్రియ చివర నిలుచును; గుజరాతీలోను హిందీలోను అంతే. ఇంగ్లీషులో అది కర్త వెంటనే వచ్చును. తెలుగున విభక్తి నామమునకు వెనుక చేరును. ఇంగ్లీషున దాని పని చేయు మాట ముందు నిలుచును. ‘ఎ’, ‘ది’ అను చిన్న మాటలకు తెలుగున సరియైన జోడు లేదు. కావున తెలుగు వాక్యమును మాటకు మాటగా మార్చినచో ఇంగ్లీషు వాక్యము కాదు. విషయము మనస్సున స్థిరపడినపిదప, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యములలో నేరుగా వ్రాయుట అలవడవలెను. దినమునకు పది వాక్యములు చాలును. ఒక్క దినమును మానరాదు.

ప్రశ్నపు భాష గూడ వేరుగా నేర్వవలసినదే. డిఫైన్ అనగా నిర్వచింపుమని, డిస్క్రైబ్ అనగా వర్ణింపుమని, ఎక్స్‌ప్లెయిన్ అనగా కారణముతో వివరింపుమని, జస్టిఫై అనగా సమర్థింపుమని అర్థము. కారణమడిగినచోట వర్ణనము వ్రాసినవానికి విషయము తెలిసియు మార్కులు రావు. పాత ప్రశ్నపత్రములను ఊహాగానమునకు కాక ఈ అభ్యాసమునకు వాడవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది తప్పుల లెక్క. సూరతు వర్తకుల నగరము. ఖాతా వ్రాయుట అచ్చట పిల్లవానికి గూడ తెలియును. గడియారము పెట్టుకొని వ్రాసిన ప్రతి సమాధానమును దిద్దుకొని, తప్పులను రెండు పద్దులలో వ్రాయవలెను: విషయము తెలియక చేసినవి ఒక ప్రక్క, భాష చాలక చేసినవి మరియొక ప్రక్క. చాలమంది విద్యార్థులు ఈ రెంటిని కలిపివేసి బాధపడుదురు. విషయము రానివాడు ‘ఇంగ్లీషు రాక పోయినది’ అని తన్ను ఓదార్చుకొనును. ఇంగ్లీషు చాలనివాడు ‘నాకు తెలివి లేదు’ అని తన్ను దూషించుకొనును. రెండును అసత్యములే. మొదటిది సోమరితనమును పెంచును. రెండవది మనిషిని క్రుంగదీయును. రెండు పద్దుల పుస్తకము ఈ రెండు అసత్యములనుండియు విద్యార్థిని కాపాడును. మరుసటి వారపు కాలమును పంచవలసినది ఈ పుస్తకమును చూచియే.

విద్యార్థి పద్దులు ఇట్లుండగా, సమాజపు పద్దుల మాట యేమి? అతడు వేరుచేసి చూచుకొన్న రెండు తప్పులను పరీక్షకుడు వేరుచేయుచున్నాడా? ఇండియన్ సివిల్ సర్వీసునకు 1855లో పోటీ పరీక్ష మొదలైనప్పుడు అది లండనులో, ఇంగ్లీషులో జరిగినది. అందు నెగ్గిన తొలి భారతీయుడు సత్యేంద్రనాథ ఠాకూరు, అది 1863లో. పరీక్ష భారతదేశమున గూడ జరుగుటకు 1922 వరకు ఆగవలసివచ్చినది. స్వతంత్ర భారతమున సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షను రాజ్యాంగము గుర్తించిన భాషలలో వ్రాయుటకు 1979లో అవకాశము కలిగినది. ప్రాథమిక పరీక్ష ప్రశ్నలు మాత్రము హిందీ ఇంగ్లీషులలోనే వచ్చుచున్నవి. వైద్యవిద్యా ప్రవేశపరీక్ష నీట్ 2017లో తెలుగు, గుజరాతీలతో సహా పది భాషలలో జరిగినది. 2021 నాటికి భాషలు పదుమూడైనవి. అయినను అనువాదమున సందేహము కలిగినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని నిబంధన కలదు.

ఆ నిబంధన పరిపాలనకు అవసరమై యుండవచ్చును. ఎచ్చటనో ఒకచోట పాఠము స్థిరముగా నుండవలెను. కాని అది చెప్పకయే చెప్పుచున్న మాటను గమనింపవలెను: తలుపులు పదుమూడు తెరచియున్నను, ఇంటి తాళపుచెవి ఒక్కరి వద్దనే యున్నది. పైగా పరీక్ష తెలుగులో వ్రాయవచ్చునన్నంతమాత్రమున న్యాయము జరిగినట్లు కాదు. తెలుగులో మంచి గ్రంథము లేక, తెలుగులో బోధించు గురువు లేక, చివరి దినమున తెలుగు ప్రశ్నపత్రము చేతికిచ్చుట, నూలు ఈయక మగ్గము నిచ్చుట వంటిది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున ఆరంభమైనప్పుడు దానికి తోడుగా అనువాదశాల ఏర్పడి గ్రంథములను సిద్ధపరచినది. పరీక్షకు ముందు పుస్తకము కావలెనని దాని నిర్వాహకులు ఎరుగుదురు.

ఇంగ్లీషును తొలగించినచో అన్నియు సరియగునని తలచుటయు తొందరపాటే. తన తల్లిభాషలో వ్రాయువాడు సైతము ఏ తెలుగు వ్రాయవలెనను చిక్కులో పడినాడు. మద్రాసు విశ్వవిద్యాలయమునకు 1914లో గురజాడ అప్పారావు సమర్పించిన అసమ్మతిపత్రము ఆ వివాదమునుండి పుట్టినదే. ఆపైన ఇంగ్లీషు నేడు ఉద్యోగమునకును విస్తృత విజ్ఞానమునకును దారియై యున్నది. దానిని ధనికుల పిల్లలకు వదలి, కోసాడ్ బాలునికి ‘నీకు తెలుగు చాలును’ అని చెప్పుట దయ కాదు. అతనికి ఇంగ్లీషు కావలెను. కాని ఇంగ్లీషు వచ్చువరకు అతని తెలివి వాయిదా పడరాదు. భాష చాలకపోయినచో భాష చాలదనియే చెప్పవలెను; బుద్ధి చాలదని వ్రాసి పంపరాదు. వైద్యునికి రోగి భాష తెలియనప్పుడు రోగికి వ్యాధి లేదని ఎవడును వ్రాయడు. పరీక్షకుడు సైతము అంతటి వివేకమును చూపవలెను. విషయపరీక్షయందు విషయమును, భాషాపరీక్షయందు భాషను కొలుచుట ఆ వివేకమునకు మొదటి మెట్టు.

ఈ న్యాయము ఒక్కనాటితో జరుగునది కాదు. విద్యార్థి పరీక్షయో, వచ్చు మాసముననే యున్నది. అతడు సమాజము మారువరకు కాచియుండలేడు. అయితే తన రెండు పద్దులను తాను నిజముగా వ్రాసికొన్నవానికి ఒక స్వాతంత్ర్యము దొరకును. మార్కులు తక్కువ వచ్చినను తనకు ఏమి తెలియునో, ఏమి తెలియదో అతనికి తెలియును. ఎక్కువ వచ్చినను అతడు మోసపోడు. పరీక్షకుడు చెప్పకముందే తన యోగ్యతను తాను ఎరిగినవానికి ఫలితము వార్త మాత్రమే, తీర్పు కాదు. తల్లికి తెలుగులో చెప్పి ఒప్పించిన పాఠమును ఇంగ్లీషు కాగితముపై పెట్టగలిగిననాడు అతడు రెండు భాషలకును ఋణము తీర్చినవాడగును. ఆ కాగితమునకు ఎన్ని మార్కులు వేసినను పాఠము మాత్రము అతనిది.